తాళంకప్ప చప్పుడు

కన్నమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని భిలాయి సెక్టర్ 6లో అందరూ అంటారు. అది అబద్ధం. ఆవిడ కోపం చేతిలో ఉంటుంది. అరచేయంత ఇనుప తాళంకప్ప అది. దాని తాళంచెవి ఎప్పుడో పోయింది, కాబట్టి దాంతో ఏ తలుపుకూ తాళం వెయ్యడం కుదరదు. కన్నమ్మ మాత్రం తొమ్మిదేళ్ళుగా దాంతో ఊళ్ళోవాళ్ళ గేట్లు బాదుతోంది.

పొద్దున్న ఐదింటికి క్యాంప్ 2 కూలీల బస్తీలో తన గదికి గొళ్ళెం పెట్టి బయల్దేరుతుంది. రైలు పట్టాల కింద వంతెన దాటి, ఆరు దాటేసరికి సెక్టర్ 6 చేరుతుంది. అక్కడ పదకొండు క్వార్టర్లు, పదకొండింటిలోనూ ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళు. ఒక్కో గేటునీ తాళంకప్పతో టంగు టంగుమని మూడుసార్లు కొట్టి, "ఉన్నారేటి?" అని కేక పెడుతుంది. లోపలివాళ్ళు "ఉన్నాను" అని గొంతెత్తి చెప్పాలి. దగ్గితే కుదరదు. రేడియో మోగుతోంది కదా అంటే ఒప్పుకోదు. కుక్కరు కూత వినబడినా కదలదు. మనిషి గొంతు వినిపించేదాకా గేటుకు విశ్రాంతి లేదు. ప్రభుత్వానికైతే ఏడాదికొకసారి, నవంబరులో బతికున్నట్టు కాగితం ఇస్తే పింఛను వస్తుంది, ఈ మహాతల్లికి మాత్రం రోజూ రుజువు చూపించుకోవాలి అని ఆ ముసలాళ్ళు వేళాకోళం ఆడేవారు. ఆడుతూనే ఆరింటికల్లా మొహాలు కడుక్కుని ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేవారు.

ఈ నియమం పెట్టిన మనిషి లూసీ. తొమ్మిదేళ్ళ క్రితం రజనీకుమారి అనే రిటైరైన టీచరమ్మ తన క్వార్టర్లో చనిపోతే నాలుగు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. పక్క ఇంట్లో మనుషులున్నారు. ఎదురింట్లో మనుషులున్నారు. పాలవాడు రోజూ ప్యాకెట్ గేటుకు తగిలించి పోతూనే ఉన్నాడు. నాలుగు ప్యాకెట్లు వరసగా వేలాడాక గానీ ఒక్కరికీ అనుమానం రాలేదు. వీధి వీధంతా చదువుకున్నవాళ్ళే, ఉద్యోగాలు వెలగబెట్టినవాళ్ళే. చెప్పుకోవడానికి సిగ్గుండాలి.

లూసీకి ఆ సిగ్గు ఉంది. చర్చిలో నలుగురినీ, తెలుగు సంఘంలో నలుగురినీ పోగేసి చేదోడు సమితి అని పెట్టింది. గ్యాస్ బుక్ చేసి పెట్టడం, ఆసుపత్రి లైన్లో పెద్దవాళ్ళ బదులు నిలబడటం, కళ్ళాపరేషనైన వాళ్ళకి మూడు పూటలా చుక్కలు వెయ్యడం, ఇవన్నీ సమితి చేసేది, ఇప్పటికీ చేస్తుంది. కానీ వాటన్నిటికంటే ముందు ఈ పొద్దున్న తట్టే పని. దాన్ని లూసీ ఏరి కోరి కన్నమ్మకు అప్పగించింది.

అప్పటికి కన్నమ్మ ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద ఉక్కు కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళు ఇటుకలూ బూడిదా మోసి, మోకాళ్ళు అరిగి, లూసీ ఇంట్లో అంట్లు తోముతూ ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికూతురుగా భిలాయి వచ్చిన మనిషి. మగడిదీ ఠేకేదారు కింద పనే, ఆ కూలీలకు ప్లాంటు లెక్కలో నంబరు ఉండదు. ఆయన పోయాక ఒక్కత్తే ఉంటోంది. మిషన్ల హోరులో మేస్త్రీకి వినిపించేలా అరిచి అరిచి ఆవిడ గొంతు అలా తయారైంది. "నీ గొంతు వింటే చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారే" అని లూసీ నవ్వేది. ఆ లూసీ మూడేళ్ళ క్రితం తనే పోయింది.

లూసీ భర్త కొర్నేలి. రోలింగ్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు చేసి, రెండు చెవులూ ఆ మిల్లుకే ఇచ్చి వచ్చాడు. కన్నమ్మ ఎంత అరిచినా ఆయనకు వినపడదు. అందుకని ఆయనతో ఏర్పాటు వేరు. ఆరున్నర కొట్టేసరికి వీధి కిటికీ ఊచల మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. కన్నమ్మ తాళంకప్పతో ఆ ఊచల్ని కొట్టగానే అదురు ఆయన చేతికి తెలుస్తుంది. స్టీలు గ్లాసుతో లోపల్నుంచి రెండుసార్లు టకటకమంటాడు. ఉన్నాను అని దానర్థం. లూసీ పోయిన మర్నాడే ఆ గ్లాసు మొదటిసారి మోగింది. ఆ రోజు కన్నమ్మ గేటు పట్టుకుని ఏడ్చింది.

ఇలా నడుస్తున్నదాన్ని సూర్యప్రకాష్ గారు బాగు చేశారు. ఆయన ఆఫీసరుగా రిటైరయ్యి నిరుడు సమితికి సెక్రటరీ అయ్యారు. చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే ఎవరో ఒకరు ఎదురు తిరిగేవారు.

"దేఖో భాయ్, పదకొండిళ్ళకీ రోజూ ఒక మనిషి తిరగడమేమిటి?" అన్నారాయన ఏప్రిల్లో జరిగిన మీటింగులో. "ప్లాంటులో వేలమంది హాజరు ఒక్క బోర్డు మీద తేలిపోయేది. మనకెందుకు తేలదు?"

ఆలోచన ఆయనది, ఆనందం అందరిదీ. సమితి గది వరండాలో చెక్కబోర్డు వెలిసింది. దాని మీద పదకొండు మేకులు. పదకొండు ఇత్తడి టోకెన్లు కొత్తగా చేయించి, ఒక్కో దాని మీద ఆ మనిషి పాత ప్లాంటు నంబరు కొట్టించారు. మగడు పోయిన ఆడవాళ్ళకి ఆ మగడి నంబరు. పొద్దున్న ఎనిమిదింటిలోగా ఎవరి టోకెన్ వాళ్ళు తెచ్చి మేకుకు తగిలించాలి, సాయంత్రం వచ్చి తీసుకుపోవాలి. ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ ఇంటికి మాత్రమే మనిషి వెళ్తాడు. ముసలాళ్ళు ఆ టోకెన్లు చేతిలో పెట్టుకుని చిన్నపిల్లలైపోయారు. చినబాబు అయితే తన నంబరు చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కొర్నేలి వెనకవీధిలో ఉంటాడు. మిల్లులో ముప్పై ఏళ్ళు ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే క్యారేజీలో తిండి.

కన్నమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని నిలబడి, "ఇది పని సేయదు బాబూ" అంది.

"ఎందుకు చెయ్యదు?"

"టైమాఫీసు గుమ్మం తుడిసినదాన్ని నాను. ఒక్కో మనిసి జేబులోంచి మూడేసి టోకెన్లు తీసి తగిలించీవోడు. పక్కోడు ఇంకా మంచం దిగకపోయినా ఆడి హాజరు పడిపోయీది. నాను సూడనేదేటి?"

అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు చినబాబు.

"అరే కన్నమ్మా, అది హాజరు కోసం" అన్నారు సూర్యప్రకాష్ గారు కూడా నవ్వుతూ. "ఇది ప్రాణం కోసం. తన ప్రాణానికి ఎవడైనా దొంగ హాజరు వేయించుకుంటాడా? నీకూ వయసు మీద పడింది. ఇంక తిరిగింది చాలు, ఇక్కడే కూర్చుని అందరికీ టీ పొయ్యి."

అరవై ఎనిమిదేళ్ళ మనిషి మీద దయ చూపించాననే ఆయన అనుకున్నారు. కన్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆఫీసరు గారితో ఎంతని వాదిస్తుంది? తాళంకప్ప సంచిలో పడేసి టీ కెటిల్ పట్టుకుంది. ఏప్రిల్, మే, జూన్ గడిచాయి. బోర్డు బ్రహ్మాండంగా పని చేసింది. ఒకటి రెండుసార్లు మేకు ఖాళీగా ఉంటే మనిషి పరిగెత్తాడు, జ్వరమో గాభరానో చూసి మందిప్పించాడు. సూర్యప్రకాష్ గారు కన్నమ్మ వైపు చూసి, చూశావా అన్నట్టు తలూపేవారు.

జూలైలో ముసురు పట్టింది.

ఆ సోమవారం కొర్నేలి టోకెన్ మేకుకు ఉంది గానీ కొర్నేలి టీ అలాగే ఉండిపోయింది. ఆయనకు షుగరు. పంచదార లేని టీ వేరే స్టీలు గ్లాసులో పోసి పెడుతుంది కన్నమ్మ. చినబాబును అడిగితే, "ఆడికి మోకాలు నొప్పి. తగిలించీసి ఎల్లిపోనాడు" అన్నాడు. మంగళవారం కూడా అంతే. టోకెన్ ఉంది, టీ చల్లారింది. బుధవారం ఆవిడ ఏడింటి నుంచీ బోర్డు పక్కనే కూర్చుంది. మధ్యలో పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. అప్పటికి చినబాబు గొడుగు దులుపుకుంటూ వరండాలో నిలబడి ఉన్నాడు. కొర్నేలి మేకుకు టోకెన్ ఊగుతోంది.

"కొర్నేలి బాబు ఏడన్నా?"

"ఇప్పుడే వచ్చి ఎల్లిపోనాడు."

"ఏ సొక్కా ఏసుకున్నాడు?"

చినబాబు గొడుగు మడిచాడు. "నీలం సొక్కా."

"గొడుగు తెచ్చుకున్నాడేటి?"

"తెచ్చుకున్నాడు. నల్లది."

"ఆ గొడుగు నా కాడుంది. ముసురు పట్టకముందు ఈడ మర్సిపోతే నానే లోపల దాసేను. నిజం సెప్పు."

చినబాబు చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి ఫోర్మన్ ముందు దొరికిపోయిన కుర్రాడిలా తలొంచుకున్నాడు. "ఆదోరం సాయంత్రం టోకెన్ నా సేతికిచ్చి, మోకాలు నొప్పి, వానలో రాలేను, నాది కూడా తగిలించీయి అన్నాడు. మేకు ఖాళీగా ఉంటే మీరంతా ఆడి ఇంటి మీదకి పోయి హడావిడి సేత్తారని మొగమాటపడ్డాడు. దానికేటి కన్నమ్మా! ముప్పై యేళ్ళు ఆడిది నాను, నాది ఆడు ఏసుకున్నాం."

"ఆడిని ఎప్పుడు సూసేవు?"

"సోమారం సాయంత్రం."

"నిన్న?"

"నిన్న వాన కదా..."

వాన! ఒక వీధి అవతల ఉన్న మనిషిని చూడటానికి వాన అడ్డొచ్చింది. అదే వానలో గొడుగేసుకుని వచ్చి ఆయన బతికున్నాడని మేకుకు తగిలించడానికి మాత్రం అడ్డు రాలేదు. కన్నమ్మ కెటిల్ అక్కడే దించేసి సంచిలోంచి తాళంకప్ప తీసి వానలోకి దిగింది. అరిగిన మోకాళ్ళతో ఆవిడ పరిగెత్తడం ఆ వీధి చూడటం అదే మొదటిసారి.

కొర్నేలి కిటికీ ఊచలు మూడుసార్లు కొట్టింది. గ్లాసు మోగలేదు. ఇంకో మూడుసార్లు కొట్టింది. ఊచలకున్న రంగు పెచ్చులు రాలాయి గానీ లోపల ఏ చప్పుడూ లేదు. తలుపు లోపల గడియ వేసి ఉంది. అప్పటికి సూర్యప్రకాష్ గారు రొప్పుతూ వచ్చారు.

"ఆగు కన్నమ్మా, కంగారు పడకు. టోకెన్ ఉంది కదా..."

"టోకెన్ ఉంది. మనిసేడి?"

"పడుకుని ఉంటాడు. ముందు ఒకసారి ఫోన్ చేద్దాం."

"సెవిటోడికి ఫోనేటి బాబూ!" అని కన్నమ్మ అరిచిన అరుపుకి ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి.

వీధి చివర కాలువ తీస్తున్న పనివాళ్ళున్నారు. ఆవిడ వెళ్ళి వాళ్ళ గునపం లాక్కొచ్చింది. అడగలేదు, లాక్కొచ్చింది. క్వార్టరు తలుపు, చట్టం, పర్మిషన్ అని సూర్యప్రకాష్ గారు ఏదో అంటూనే ఉన్నారు. కన్నమ్మ గునపం మొన తలుపుకీ గోడకీ మధ్య, బందు దగ్గర పెట్టి, ఒళ్ళంతా దాని మీద వేసింది. ఇరవై ఆరేళ్ళు చేసిన పనిని చేతులు మరిచిపోలేదు. రెండో పట్టుకి బందు ఊడి తలుపు లోపలికి ఒరిగింది.

కొర్నేలి బాత్రూమ్ గుమ్మంలో పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. సగం ఒళ్ళు లోపల, సగం ఒళ్ళు బయట. పెదాలు ఎండి పగిలిపోయాయి. కుడి అరచెయ్యి మాత్రం గచ్చుకు ఆనించి, వేళ్ళన్నీ విడదీసి పెట్టుకుని ఉన్నాడు. కన్నమ్మ పక్కన కూలబడి, ఆయన చెంప మీద తట్టి, పెదాలు కనిపించేలా మొహం దగ్గరికి పెట్టి అడిగింది.

"ఉన్నారేటి?"

ఆయన కళ్ళు తెరిచాడు. పెదాలు కదిలాయి. గొంతు రాలేదు గానీ మాట తెలిసింది. ఉన్నాను.

గుమ్మంలో చినబాబు తెరిచిన గొడుగు మూయడం కూడా మరిచిపోయి నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. కన్నమ్మకు జాలి రాలేదు. ఆ క్షణంలో ఆవిడకు ఎవరి మీదా జాలి లేదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మూడో రోజుకు మాట్లాడగలిగాడు. సోమవారం రాత్రి లేచి పడిపోయాడట. మంగళవారం తెల్లారింది, బుధవారం కూడా తెల్లారింది, ఆయన అక్కడే ఉన్నాడు. కన్నమ్మ చెయ్యి పట్టుకుని, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు పెద్దగా చెప్పాడు.

"వెలుగు చూసి ఆరున్నర అయ్యుంటదిలే, కన్నమ్మ వస్తది అనుకున్నా. నేల మీద చెయ్యి ఆనించి పెట్టా, అదురు తెలుస్తదని. రెండు పొద్దులు చూశా. బోర్డు వచ్చిందన్న సంగతి మతికే రాలేదు. నువ్వు కొడతావనే ఉన్నా."

కన్నమ్మ లేచి వచ్చేసింది. మధ్యాహ్నం క్యాంప్ 2లో తన గదికి వచ్చి, మంచం మీద కూర్చుని, ఎదురుగా ఉన్న తలుపు గొళ్ళెం చూస్తూ ఉండిపోయింది. తొమ్మిదేళ్ళు పదకొండు గేట్లు కొట్టింది. ఆ తొమ్మిదేళ్ళలో ఏ ఒక్కరోజైనా ఈ తలుపు ఎవరైనా కొట్టారా? తను రాని రోజున, ఏం కన్నమ్మా రాలేదేం అని మర్నాడు విసుక్కున్నవాళ్ళే గానీ, వచ్చి చూసినవాళ్ళేరీ? ఈ గదిలో తను పడి ఉంటే చేతికి అదురు ఎక్కడినుంచి వస్తుంది? ఇన్నేళ్ళూ ఈ సంగతి తనకైనా తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆదివారం సమితి మీటింగు పెట్టారు. కొర్నేలి తప్ప పదిమందీ వచ్చారు. అందరూ కలిసి చినబాబును దులిపేస్తున్నారు. ఏప్రిల్లో గొల్లుమని నవ్విన నోళ్ళే అవి. సూర్యప్రకాష్ గారు గొంతు సవరించుకుని, బోర్డుకు ఎదురుగా కెమెరా పెట్టిద్దామని, లేదా వేలిముద్ర మిషను తెద్దామని, అప్పుడు ఎవరిది ఎవరూ వెయ్యలేరని మొదలుపెట్టారు.

"ఆపండి బాబూ" అంది కన్నమ్మ.

ఈసారి ఆవిడ గోడకు ఆనుకుని లేదు. గది మధ్యలో నిలబడింది.

"సినబాబన్న తప్పు సేసేడు. ఆడికి తెలుసు. తోటోడిని కాపాడుతున్నాననుకున్నాడు, ఆడి బతుకంతా సేసిన పని అదే. మరి మీరు? నాను ముందే సెప్పేను. ఇదే గదిలో సెప్పేను. మీరంతా నవ్వీసినారు. తలుపు కొట్టీదానికి సదువు లేదు, దీనికేటి తెలుసునని నవ్వినారు. కెమెరా పెడతారా? కెమెరా ఆ గచ్చు మీదకొచ్చి మంచినీళ్ళు పోత్తాదేటి? వేలిముద్ర మిషను తుంటి ఇరిగినోడి దగ్గరికి నడిసెల్తాదేటి? లచ్చనంగా ఉన్నోడే వచ్చి బోర్డుకి తగిలిత్తాడు. లేవలేనోడి కోసం కదా లూసమ్మ ఇది పెట్టింది! లేవలేనోడినే మీరు లేచి రమ్మన్నారు!"

సూర్యప్రకాష్ గారి మొహం ఎర్రబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"తప్పు నాదే" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు చాలా కష్టమైంది, ఆ సంగతి కన్నమ్మకు కూడా కనిపించింది. "బోర్డు తీసేద్దాం. రేపట్నుంచి మళ్ళీ తట్టడమే. కానీ నువ్వొక్కదానివే కాదు, ఓపికున్న వాళ్ళం వంతులు వేసుకుందాం. నేనూ వస్తాను." కాగితం తీసి పేర్లు రాశారు. ఆసుపత్రి నుంచి వచ్చాక కొర్నేలి పేరుతో కలిపి పదకొండు. పక్కన వరసగా ప్లాంటు నంబర్లు కూడా రాశారు, అలవాటు కొద్దీ.

"సదవండి" అంది కన్నమ్మ.

చదివారు.

"ఇంకోటి ఉంది."

సూర్యప్రకాష్ గారు కాగితం మళ్ళీ చూసుకున్నారు. మిగతావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఫలానా బ్లాకులో ఎవరైనా మిగిలిపోయారా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. తమకు రోజూ టీ పోసే మనిషి, తొమ్మిదేళ్ళు తమ గేటు కొట్టిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఒంటరిగా ఉంటున్న ముసలిమనిషి ఇంకెవరబ్బా అని ఆలోచిస్తున్నారు! చివరికి మూలనుంచి చినబాబు, తల ఎత్తకుండానే, "కన్నమ్మ" అన్నాడు.

సూర్యప్రకాష్ గారి కలం ఆగిపోయింది. గబగబా పేరు రాసి, పక్క గడి దగ్గరికి రాగానే, అనుకోకుండానే అడిగేశారు. "నంబరు?"

"నాకు నంబరు నేదు బాబూ" అంది కన్నమ్మ. "తలుపుంది."

మర్నాడు ఐదు కాకముందే కన్నమ్మ తయారైపోయింది. చీర కట్టుకుంది, తాళంకప్ప సంచిలో వేసుకుంది, కానీ బయల్దేరలేదు. తలుపు గడియ వేసుకుని మంచం మీద కూర్చుంది. వస్తారనుకోలేదు. రాకపోతే మాత్రం ఈ జన్మలో సెక్టర్ 6 గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. ఐదుంబావు అయింది. బయట సందులో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. తర్వాత తలుపు మీద ఇత్తడి చప్పుడు, టక్ టక్ టక్‌మని. టోకెన్‌తో కొడుతున్నాడు.

కన్నమ్మ పలకలేదు. కోపం ఇంకా పోలేదు. మళ్ళీ టక్ టక్ టక్. ఈసారీ పలకలేదు. తొమ్మిదేళ్ళు తను నిలబడలేదూ, కాసేపు నిలబడనీ అనుకుంది. మూడోసారి చప్పుడుకి కంగారు తోడైంది. "కన్నమ్మా! ఉన్నావేటే? కన్నమ్మా!" అని చినబాబు అరిచాడు.

"ఊఁ" అంది లోపలినుంచి.

"ఊఁ అంటే కుదరదే. నువ్వు పెట్టిన రూలే. గొంతు ఇనపడాల."

కన్నమ్మ లేచి నిలబడింది. ఊపిరి తీసుకుని, మిషన్ల హోరు మీదుగా మేస్త్రీకి వినిపించే ఆ పాత గొంతుతో, క్యాంప్ 2లో ఆ సందు సందంతా నిద్ర లేచేలా అరిచింది.

"ఉన్నాను!"